దుబాయ్ పెళ్లికొడుకును దుకాణంలో వెతికిన రౌటర్

సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద జానీ పాషాకు ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. ఆ మనిషి నోటికి రాని మాట ఒక్కటే: కాదు. హాల్‌టికెట్ మీద ఫొటో తలకిందులుగా పడిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే ‘అయితది తీ’ అనేవాడు. నీళ్లలో పడ్డ సెల్‌ఫోన్‌లోంచి తాత గొంతు బయటికి తీయాలంటే కూడా ‘అయితది తీ’ అనేవాడు. ఎట్లా అవుతుందో ఆయనకూ తెలియదు. ముందు మాటివ్వడం, ఆ తరువాత కుర్చీలో కూర్చుని చెమటలు కక్కడం, ఇదే ఆయన పని పద్ధతి.

కంప్యూటర్లు రాకముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపాడు. వాడకట్టు మొత్తానికి అదొక్కటే ఫోను. పెళ్లి పత్రికల మీద అందరూ జానీ పాషా నెంబరే వేయించుకుని పక్కన ‘పీపీ’ అని రాయించుకునేవారు. బొంబాయి నుంచి ఫోనొస్తే రిసీవర్ బల్ల మీద పెట్టి, “బాలవ్వా, నీ కొడుకు లైన్ల ఉన్నడు, ఉరికిరా!” అని సందు చివరిదాకా కేక వేసేవాడు. బాలవ్వ చేతులకు పిండితోనే వచ్చేది. ఆ పిండి రిసీవర్‌కు అంటుకుంటే, తరువాత వచ్చినవాళ్ల చెవికి అంటేది.

సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడ్డాక కంప్యూటర్లు తెచ్చాడు. వాటితోపాటు రౌటర్ అనే చిన్న డబ్బా వచ్చింది. దాని సంగతి ఆయనకు ఒక్కపూటలో అర్థమైపోయింది. “గిది గూడ పీపీ పనే. బయటి లోకానికి మనకున్నది ఒక్కటే నెంబరు. లోపలున్నయి ఎనిమిది. బయటికెళ్లి ఏదన్నొస్తె ఎవలిది వాళ్లకు అందిచ్చుడే” అని చెప్పేవాడు. దాన్ని నాట్ అంటారని ఇంజినీరింగ్ పిల్లలు చెబితే, “ఏమన్న అనుకోండ్రి, మేం ఎన్కటి సంది చేస్తనే ఉన్నం” అని మీసం దువ్వాడు. నిజానికి ఆయనకు అర్థమైంది అంతవరకే. మిగతాదంతా డబ్బా వెనకాల ఉన్న చిన్న చిల్లులో పిన్నీసు గుచ్చి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడమే.

కౌంటర్ దగ్గర ఆయన మేనకోడలు రిజ్వానా కూర్చునేది. జానీ పాషా అక్క షమ్షున్నీసా కూతురు. మాట తక్కువ, టైపింగ్ వేగం ఎక్కువ. హుస్నాబాద్ నుంచి ఫైజ్ అనే కుర్రవాడు ఒకరోజు పాస్‌పోర్టు దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చాడు. మరుసటి రోజు అది ఎక్కడిదాకా వచ్చిందో చూడమని వచ్చాడు. ఆ తరువాత రోజూ వచ్చాడు. పాస్‌పోర్టు చేతికొచ్చి, జేబులో పెట్టుకుని తిరుగుతున్న రోజుల్లో కూడా వచ్చి, “నా పాస్‌పోర్ట్ యాడికొచ్చిందో జరంత సూడుండ్రి” అని అడిగేవాడు. రిజ్వానా కూడా చూసి, “ఇంక రాలే” అని చెప్పేది. జానీ పాషాకు ఇది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. పాస్‌పోర్టు ఆఫీసువాళ్లను తిడుతూ ఉత్తరం రాద్దామని ఆయన కాగితం తీసినప్పుడు షమ్షున్నీసా తల కొట్టుకుని అసలు సంగతి చెప్పింది.

ఫైజ్ దుబాయ్ వెళ్లాడు. అక్కడ కార్ల స్పేర్ పార్టుల గోదాములో ఉద్యోగం. నాయిన లేని పిల్లవాడు కాబట్టి పెద్దదిక్కు పెదనాన్న ఇర్షాద్ సాబే. హుస్నాబాద్‌లో పత్తి వ్యాపారి. ఆయనకు ఈ సంబంధం మీద పెద్ద మనసు లేదు. ప్రజ్ఞాపూర్‌లో హోటల్ నడిపేవాళ్ల అమ్మాయి ఆయన మనసులో ఉంది. ఫైజ్‌కు సెలవు దొరకదని తెలిశాక, ఫోన్ నిఖాకు ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టాడు.

“గొంతు ఎవనిదన్న కావచ్చు. పిల్లగాని ముఖం నాకు కనవడాలె. కనవడితెనే నిఖా. గా శుక్రారం నాడు కాకపోతె, ప్రజ్ఞాపూరోళ్లకు నేను మాటిస్త.”

శుక్రవారమే ఎందుకంటే, ఆ మరునాటి నుంచి ఫైజ్‌ను ఎడారిలో కొత్త గోదాముకు పంపుతున్నారు. అక్కడ నెట్టూ లేదు, సిగ్నలూ లేదు. శుక్రవారం ఆఫీసు ఖాళీగా ఉంటుంది, వాచ్‌మన్ కరీంనగర్ మనిషి, తన డ్యూటీ అయ్యేదాకా కంప్యూటర్ వాడుకోనిస్తానన్నాడు. షమ్షున్నీసా తమ్ముడి వంక చూసింది. రిజ్వానా కీబోర్డు వంక చూసింది. జానీ పాషా ఏమన్నాడో చెప్పక్కర్లేదు.

“అయితది తీ.”

ఈసారి నిజంగానే అయింది. ఫైజ్ ఉన్నచోట మామూలు వీడియో కాల్స్ నడవవు. అందుకని నేరుగా నెంబరుకు నెంబరు కలిపే ఒక ప్రోగ్రాం పెట్టుకున్నారు. బయటి నుంచి ఫలానా తలుపు తట్టినవాళ్లను ఏడో నెంబరు కంప్యూటర్ దగ్గరికి పంపమని జానీ పాషా రౌటర్‌లో రాసిపెట్టాడు. పిన్నీసు చాలాసార్లు గుచ్చాల్సి వచ్చింది గానీ, చివరికి ఫైజ్ ముఖం తెర మీద పడింది. రిజ్వానా అటు తిరిగి పాస్‌పోర్టు కాగితాలు సర్దుకుంది. ఇంక శుక్రవారం రావడమే తరువాయి అని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఆ నిశ్చింతలోకి డ్రిల్లు సారు వచ్చాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు, ఆఫీసులకు తాళాలు. బండ్ల నెంబరు ప్లేట్ల మీద ఏపీ గీకేసి టీజీ రాసుకోని మనిషి లేడు. ప్రైవేటు బడిలో డ్రిల్లు మాస్టరైన కర్ణాకర్ ఆ వాడకట్టు ఉద్యమానికి పెద్ద. మెడలో ఈల ఉండేది. బడి బందయినా ఈల బందు కాలేదు. ర్యాలీ మొదలైతే ఒక ఈల, నినాదం తప్పు పలికితే ఒక ఈల, ఎవరైనా షట్టరు సగానికి మించి ఎత్తితే రెండు ఈలలు. కరపత్రం అచ్చు తీయించుకోవడానికి వచ్చి, కంప్యూటర్ల మీద అంటించిన చీటీలు చూశాడు. ప్రతిదాని మీదా 192.168 అని ఏదో ఉంది.

“జానీ భాయ్, ఏంది గీ నెంబర్లు? ఎవలిచ్చిన్రు?”

“ఎవలియ్యలే సారూ. డబ్బాతోనే వచ్చినయి.”

“అంటె మనం పెట్టుకున్నయి గావు. ఎవడో పెట్టిండు, మనం మోస్తున్నం.” కర్ణాకర్ గొంతు సభల్లో మాట్లాడేటప్పటిలా మారింది. “బండ్లకు మార్చినం, బోర్డులకు మార్చినం. నీ దుకాణంల మాత్రం పరాయి నెంబరా? మార్చొచ్చునా, మార్చరాదా?”

ఇక్కడ ‘మార్చరాదు’ అనగలిగే మనిషి అయితే ఈ కథే లేదు.

అట్లా జానీ పాషా నెట్ సెంటర్ లోపలి నెంబర్లు 19.69 అయ్యాయి. పందొమ్మిది వందల అరవై తొమ్మిది ఉద్యమంలో కర్ణాకర్ వాళ్ల అన్న లాఠీదెబ్బ తిని ఇప్పటికీ కుంటుతాడు. ఆ ఏడాది పేరు మీదే నెంబరుండాలని సారు పట్టుబట్టాడు. రౌటర్‌లో నెంబరు కొట్టగానే దాని కింది గడిలో 255.0.0.0 అని అదంతట అదే పడింది. జానీ పాషా దాన్ని కూడా శుభసూచకంగానే తీసుకున్నాడు. ఏడో కంప్యూటర్ తలుపు రాతను కూడా కొత్త నెంబరుకు మార్చాడు, ఆ మాత్రం జాగ్రత్త ఉంది. అన్ని సైట్లూ చక్కగా తెరుచుకున్నాయి. కర్ణాకర్ రౌటర్ ముందు కొబ్బరికాయ కొట్టాడు. కొబ్బరినీళ్లు డబ్బా మీద పడకుండా రిజ్వానా చున్నీ అడ్డం పెట్టింది. దుబాయ్‌కి మళ్లీ ఒకసారి కలిపి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

శుక్రవారం వచ్చింది. బందు కాబట్టి ఫంక్షన్ హాలు దొరకలేదు. బందు నాడు పెళ్లి భోజనం పెడితే ఏమనుకుంటారోనని షమ్షున్నీసా భయపడింది. దానికి కర్ణాకర్ దగ్గర మందుంది. ఆ రోజు మెదక్ రోడ్డు మీద వంటావార్పు ఉంది. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే కూర్చుని తిని నిరసన చెప్పడం.

“పొయ్యి మీద పప్పున్నదా బిర్యానున్నదా ఎవడడుగుతడు? మీ పెండ్లి తిండి గూడ ఉద్యమం తిండే” అని ఈల వేసి, బిర్యానీ డేగిశాలను నడిరోడ్డు మీద పెట్టించాడు.

ఇర్షాద్ సాబ్ హుస్నాబాద్ నుంచి తెల్లటి షేర్వానీలో, ట్రాక్టర్ మీద వచ్చాడు. బస్సులు లేని రోజుల్లో దొరికింది అదే. దిగీదిగగానే ఆయన మెడలో గులాబీ కండువా వేసి, చేతిలో జెండా పెట్టి, “జై తెలంగాణ అనుండ్రి సాబ్” అన్నారు. ఆయన అన్నాడు. మెల్లగా అన్నాడని ఈల పడింది. మళ్లీ గట్టిగా అన్నాడు. ఆ కోపంతోనే నెట్ సెంటర్‌లోకి వంగి వచ్చాడు, ఎందుకంటే షట్టరు సగం వరకే ఎత్తి ఉంది.

లోపల ఏడో కంప్యూటర్‌కు పూలదండ వేశారు. ఖాజీ సాబ్ కుర్చీలో కూర్చున్నాడు. రెండు కంప్యూటర్ల మధ్య కట్టిన దుప్పటి వెనక రిజ్వానా, ఆమె పక్కన షమ్షున్నీసా. పెళ్లికూతురి ఒప్పుదల అడిగే వకీలూ సాక్షులూ దుప్పటి దగ్గరికి వెళ్లి అడిగితే రిజ్వానా ఒప్పుకుంది. ఎంత చిన్నగా ఒప్పుకుందంటే సాక్షులు తమకేం వినపడిందో ఒకరినొకరు అడిగి తేల్చుకున్నారు. ఇంక పెళ్లికొడుకు ముఖమే తక్కువ.

ఫైజ్ కాల్ చేశాడు. తెర నల్లగానే ఉంది. జానీ పాషా తానే చేశాడు. నలుపే. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. నలుపే. రౌటర్‌కు పిన్నీసు చూపించాడుగానీ గుచ్చలేదు, గుచ్చితే రాసిపెట్టిందంతా పోతుంది. ఇర్షాద్ సాబ్ తెర వంక చూసి, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టుకున్నాడు.

“ప్రజ్ఞాపూరోళ్లకు ఫోను చేస్తనన్న. మల్ల నన్నేమనొద్దు.”

జానీ పాషా దుప్పటి వంక చూశాడు. ఆయనకు జీవితంలో ఎన్ని ‘అయితది’లు కాకుండా పోయినా ఇంత భయం వేయలేదు. హాల్‌టికెట్ పోతే మళ్లీ పరీక్ష ఉంటుంది, ఈ పిల్లకు మళ్లీ ఫైజ్ ఎక్కడ దొరుకుతాడు?

సెల్‌ఫోన్‌లో ఫైజ్‌ను పట్టుకున్నాడు. “బేటా, అంతా మంచిగనే ఉన్నది. ఏమన్న తప్పు కొడుతున్నమేమో, నీ నెంబరొక్కసారి సదువు.”

“పందొమ్మిది, మామూ...”

“ఏందీ?”

“పందొమ్మిది. ఈ కంపిన్ల అన్ని కంప్యూటర్లకు పందొమ్మిదే మొదలు. వీళ్లదేదో పెద్ద కంపిని, పందొమ్మిదంతా వీళ్లే కొనుక్కున్నరట.”

జానీ పాషా ఫోను చెవి నుంచి తీసి, ఎదురుగా ఉన్న చీటీ వంక చూశాడు. 19.69.20.7. ఆ 255.0.0.0 ఏమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. పందొమ్మిదితో మొదలయ్యే నెంబరు లోకంలో ఎక్కడున్నా, అది ఈ దుకాణంలోదే అని రౌటర్‌కు చెప్పిపెట్టారు. పాపం అది చెప్పినట్టే వింటోంది. పెళ్లికొడుకును దుబాయ్‌లో కాదు, ఈ ఎనిమిది కంప్యూటర్ల మధ్య వెతుకుతోంది.

“ఏమైంది జానీ?” అంది షమ్షున్నీసా దుప్పటి పక్కకు లాగి.

“ఏమైంది అంటె... ఎన్కట బాలవ్వకు ఫోనొస్తె మన సందులనే కేకేసెటోన్ని కదా ఆపా? బాలవ్వ బొంబాయి పోయిందనుకో. నేను గది తెల్వక మన సందుల ఇంటింటి తలుపు కొట్టుకుంట తిరుగుతున్ననుకో. గదే అయింది. పిల్లగాడు గాడ ఉన్నడు, మన డబ్బా గీడ దేవులాడుతున్నది.”

“అయితె డబ్బాకు చెప్పు, గాడికి పొమ్మని!”

“చెప్పాల్నంటె నెంబరు మార్చాలె.”

ఈ మాట అన్నాక జానీ పాషా షట్టరు కింద నుంచి బయటికి చూశాడు. కర్ణాకర్ డేగిశా పక్కన నిలబడి, బిర్యానీ వాసనకు దగ్గరగా జరుగుతున్న పోలీసులకు వంటావార్పు గొప్పతనం వివరిస్తున్నాడు. పిలిచి సంగతి చెబితే ఆయన ముఖం కందగడ్డయింది.

“మల్ల పాత నెంబరుకు పోవుడా? కొబ్బరికాయ కొట్టి పెట్టుకున్న నెంబరు! గది మా అన్న కాలు జానీ భాయ్, ఉత్త నెంబరు గాదు.”

ఆ గొంతులో ఈసారి సభ లేదు. నిజంగానే బాధపడ్డాడు. జానీ పాషాకు ఆయన్ని నొప్పించడమూ ఇష్టం లేదు, మేనకోడలి నిఖా చెడగొట్టడమూ ఇష్టం లేదు. ఇద్దరికీ అవుననాలి. జీవితమంతా అందరికీ అవునన్న మనిషికి, తన గొంతులోంచే ఒక కొత్త మాట బయటికి రావడం వినపడింది.

“కాదు సారూ.”

కర్ణాకర్ ఉలిక్కిపడ్డాడు. జానీ పాషా కూడా ఉలిక్కిపడ్డాడు.

“గా నెంబరు మనది గాదు. ఎవడో పైసలు పెట్టి కొనుక్కున్నడు. మనం కాయ కొట్టినమని మనదైతదా? పరాయోడు మన జాగలకు రావొద్దంటున్నం. మరి మనం వాని జాగల గూసునుడేంది?”

కర్ణాకర్ ఈలను నోట్లో పెట్టుకున్నాడు, ఊదకుండానే తీశాడు. “మరి ఎవ్వల్దీ గాని నెంబరు ఉంటదా?”

“ఉంటది. ఇంజినీరింగ్ పిల్లలు చెప్పింది ఇప్పుడు యాదికొచ్చింది. ఎవలింట్ల వాళ్లు వాడుకునేతందుకు విడిచిపెట్టినయి మూడే రకాలు. గా నూట తొంభై రెండొకటి. నూట డెబ్బై రెండుల కొన్ని. ఇగ మూడోది... పది.”

“పది?”

“పది, సారూ. పదితోని ఏది మొదలైనా ఎవ్వడద్దనడు.”

కర్ణాకర్ వేళ్లు ముడుచుకుంటూ లోలోపల ఏదో లెక్కించాడు. ఆదిలాబాద్ బొటనవేలు దగ్గర మొదలై రెండు చేతులూ నిండాయి. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. “పది జిల్లాలు! అరే, తెలంగాణ మొత్తం పదే గదా!”

“సారూ, రేపు మన సిద్దిపేట గూడ జిల్లా అయితె పదకొండైతయి గదా?” అన్నాడు సాక్షుల్లో ఒకాయన.

“నువ్వూకో!” అని కర్ణాకర్ ఆయన చెవి దగ్గరే ఈల ఊదాడు. “పది పెట్టు జానీ భాయ్. పది పది పది పెట్టు. మా అన్నకు నేను చెప్పుకుంట.”

ఇర్షాద్ సాబ్ ఫోనులో ప్రజ్ఞాపూర్ నెంబరు కోసం వెతుకుతున్నాడు. కళ్లద్దాలు తేలేదు కాబట్టి ఇంకా దొరకలేదు. ఆయన పక్కన ఖాజీ సాబ్ కూర్చుని కావాలనే మెల్లగా, “చత్వారమా సాబ్? నాకు గూడ” అని మాటల్లో పెట్టాడు. జానీ పాషా వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. రౌటర్‌లో 10.10.10 కొట్టాడు. డబ్బా దీపాలన్నీ ఆరిపోయి ఒక్కొక్కటే వెలిగాయి. ఏడో కంప్యూటర్‌కు కొత్త నెంబరు ఇచ్చాడు. డబ్బా ఆగి మొదలైంది కాబట్టి బయటి నెంబరు కూడా మారింది. దాన్ని ఫోనులో ఫైజ్‌కు చదివి వినిపించాడు.

ఫైజ్ కాల్ చేశాడు. తెర నల్లగానే ఉంది.

“దొరికింది” అన్నాడు ఇర్షాద్ సాబ్, ఫోనును దూరంగా పట్టుకుని.

దుప్పటి వెనక నుంచి గొంతు వచ్చింది. “మామూ, తలుపు రాత!”

జానీ పాషా నెత్తి మీద చేత్తో కొట్టుకున్నాడు. బయటి నుంచి తలుపు తట్టినవాణ్ని రౌటర్ ఇంకా 19.69 ఇంటికే పంపుతోంది, ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. ఆ ఒక్క గీతా చెరిపి 10.10.10.7 అని రాశాడు. అవతల ప్రజ్ఞాపూర్‌లో ఫోను మోగడం మొదలైంది.

తెర మీద ముందు ఒక చెవి కనపడింది. తరువాత టోపీ. ఆ తరువాత గళ్ల గళ్లుగా ముక్కు, మూతి కుదురుకుని ఫైజ్ అయ్యాయి. వెనకాల అల్మారా నిండా కార్ల సైలెన్సర్లు. కొత్త కుర్తా మీద గోదాము బిళ్ల వేలాడుతోంది.

“సలామలైకుమ్ బడే అబ్బా” అన్నాడు ఫైజ్.

ఇర్షాద్ సాబ్ వంగి, తెరకు ముక్కు ఆనేదాకా చూశాడు. చేతిలో ఫోను “హలో, హలో” అంటోంది. ఆయన దాన్ని చెవికి పెట్టుకుని, “ఏం లేదు, ఉత్తగనే చేసిన. సమ్మె కదా, మీ దిక్కు ఎట్లున్నదని” అని పెట్టేశాడు. తరువాత ఖాజీ సాబ్ వైపు తిరిగి, “సదవుండ్రి. పిల్లగాడు చిక్కిపోయిండు” అన్నాడు. జానీ పాషాకు ఆ మనిషి మీద అప్పటిదాకా ఉన్న కోపం పోయింది.

ఖాజీ సాబ్ నిఖాకు ముందు చదివే ఖుత్బా చదివాడు. వాచ్‌మన్ డ్యూటీ అయిపోవచ్చిందని ఫైజ్ మెల్లగా చెప్పాడు. ఖాజీ వేగం పెంచి అడిగాడు, “ఖుబూల్ హై?”

ఫైజ్ పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. ఖాజీ రెండోసారి అడిగేసరికి మొదటి జవాబు వచ్చింది. మూడోసారి అడిగేటప్పుడు రెండోది వచ్చింది. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడుసార్లు అనాలి, ఎన్నిసార్లు అన్నాడో తేలలేదు. ఒక సాక్షి రెండన్నాడు, ఇంకో సాక్షి నాలుగన్నాడు. షట్టరు కింద నుంచి తల పెట్టి వింటున్న పోలీసు ఒకడు మూడేనని ప్రమాణం చేశాడు. మళ్లీ అడగాలని ఇర్షాద్ సాబ్, అక్కర్లేదని ఖాజీ సాబ్. మధ్యలో కర్ణాకర్ అందరినీ ఆగమని ఈల వేశాడు. ఈ గోలేదీ సరిగా వినపడని ఫైజ్ మాత్రం, అవతల మళ్లీ మళ్లీ అడుగుతున్నారేమోననుకుని, భయపడిపోయిన ముఖంతో అంటూనే ఉన్నాడు: ఖుబూల్, ఖుబూల్, ఖుబూల్.

“చాలు బేటా, చాలు! నిఖా అయిపోయింది, ఆపు!” అని జానీ పాషా మైకులో అరిచాడు.

అప్పుడు దుప్పటి తొలగింది. పొద్దుటినుంచి సాక్షులకు కూడా వినపడని రిజ్వానా, రోడ్డు మీద వడ్డన ఆగిపోయేంత గట్టిగా అంది:

“ఆపకుండ్రి మామూ! రేపటి సంది గాయిన గొంతు నాకు యాడ వినవడుతది? అననీయుండ్రి.”

ఇర్షాద్ సాబ్ లేచి తన కుర్చీని తెర ముందుకు జరిపి, కోడలిని కూర్చోమని సైగ చేశాడు. తానే షట్టరు కింద వంగి బయటికి నడిచాడు, ఒక్కొక్కరూ ఆయన వెనకాలే వచ్చేశారు. చివరగా వచ్చిన జానీ పాషా షట్టరును కిందిదాకా దించి, దానికి వీపు ఆనించి నిలబడి, రోడ్డు మీద అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.